అందరికీ ఒకటే షటర్

కింద మా పిండి గిర్ని, పైన మా కాపురం. ఇంటికి వేరే తలుపు లేదు. గిరాకీలైనా చుట్టాలైనా ఆ షటరే కొట్టాలి.

ఈ ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నానో లేదో, దబదబా చప్పుడు. లేచి చూడకుండానే, నెత్తి మీద ఫ్యాను తిరుగుతుండగా, “కరెంటు లేదు, రేపు రాండ్రి!” అని అరిచాను. చప్పుడు ఆగిపోయింది.

సాయంత్రం కిందికి దిగితే షటర్ కొక్కేనికి మామిడిపండ్ల సంచి వేలాడుతోంది. ఎర్రగుడ్డతో పిడులు కుట్టిన ఆ సంచి కొల్లాపూర్‌లో ఉండే మా అక్కది. వెంటనే ఫోన్ చేశాను.

“ఒక్క మాట పిలవకపోతివేందక్కా?”

“అలిసిపోయి పండుకున్నవేమో అనుకున్న తమ్మీ. నీ గొంతు ఇన్న గద, సాలు.”

కరెంటు సంగతి ఆమె ఎత్తనే లేదు.

దుకాణం మీదే ఇల్లున్నవాళ్లు చెప్పండి, మీరైతే లేచి చూస్తారా? నేను మాత్రం అప్పటి నుంచి ప్రతి చప్పుడుకూ కిందికి పరుగెత్తుతున్నాను. అన్నీ గిరాకీలే.