గెలిచేది, గెలవాల్సింది

సినిమా అవార్డుల పండగంటే నాకు వెగటు. అయినా ఒక్క ఏడూ వదలను. టీవీలో వేసే ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టర్ సగానికి దించి మరీ కూర్చుంటాను. కవరు చింపకముందే గెలిచినవాడికి సంగతి తెలుసు. తెలియనట్టు గుండె మీద చెయ్యి వేసుకుని నోరు తెరుస్తాడు. ఇద్దరు యాంకర్లు తమ జోకులకు తామే పడీపడీ నవ్వుతారు. ఒకడికిస్తే ఇంకొకడు అలుగుతాడని జనం మెచ్చిన నటుడు, పండితులు మెచ్చిన నటుడు, జ్యూరీ మెచ్చిన నటుడు అంటూ పెళ్లిలో తాంబూలాలు పంచినట్టు పంచుతారు. చూస్తున్నంతసేపూ తిడతాను. తిట్టడానికే చూస్తానని మా ఆయన అంటాడు. అందులో అబద్ధమేం లేదు.

మాది కొంటాలో బట్టల షాపు. శబరి నది ఒడ్డున హిందీ రాష్ట్రపు చివరి ఊరు, దాటితే ఆంధ్రా, ఇంకాస్త పోతే నా పుట్టిల్లున్న భద్రాచలం. పెళ్లయి ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. హిందీ బాగానే నేర్చుకున్నాను. ఇక్కడి ఆదివాసీల భాష దోర్లీ మాత్రం వింటే అర్థమవుతుంది, మాట్లాడబోతే ఎదుటివాళ్లు నవ్వుతారు. మా బేరాల్లో సగానికి పైగా భేజ్జి వైపు నుంచి, ఇంకా లోపలి ఊళ్ల నుంచి వచ్చే రైతు కుటుంబాలవే. అందుకని ఆ వైపు దోర్ల మనిషి ఒకామెను పన్నెండేళ్ల కిందట పనిలో పెట్టుకున్నాం. దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ, తెలుగు, ఎవరొస్తే వాళ్ల భాష. నేను గుడ్డ తాను విప్పి ధర చెబుతాను. ఆ తర్వాత ఏం మాట్లాడుతుందో, ఏ పెళ్లి గురించి అడుగుతుందో, ఎవరి పసిబిడ్డకు జ్వరం తగ్గిందో కనుక్కుంటుందో గానీ, ఆ కుటుంబం ఇంకో షాపు మెట్టెక్కదు. ఆమె జ్వరంతో రాని రోజు వచ్చినవాళ్లు నా మొహం చూసి, మళ్లీ వస్తామని సైగ చేసి వెళ్లిపోతారు.

ఆమెకూ నాలాగే సినిమా పిచ్చి. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక, చీరల అల్మారా మీదున్న టీవీలో ఏదో ఒకటి పెడతాం. అవార్డుల ముందు మాకో ఆట ఉంది. చీరల డబ్బా మూత వెనక గీత గీసి రెండు వరుసలు చేస్తాం. ఒకటి గెలిచేది, రెండోది గెలవాల్సింది. నేను తెలుగులో రాస్తాను, ఆమె ఐదో తరగతి దాకా చదివింది కాబట్టి హిందీ అక్షరాల్లో రాస్తుంది. ఓడినవాళ్లు వారం పాటు టీ పెట్టాలి. మొదటి వరుసలో నాది తప్పిన ఏడు లేదు. ఎవరి కొడుకు, ఎవరికి పెద్ద సినిమా రాబోతోంది, ఎవరు ఆ సభలో డాన్సు చేయడానికి ఒప్పుకున్నారు, ఇవి చూసుకుంటే చాలు, నటన చూడనక్కర్లేదు. ఆమె మాత్రం రెండు వరుసల్లోనూ ఒకే పేరు రాసేది. "మంచిగ చేసినోళ్లకియ్యకుంటె ఇంకెందుకక్కా ఇచ్చేది?" అనేది. ఓడేది. ఓడినా ఓడకపోయినా టీ పెట్టేది ఎలాగూ ఆమే కాబట్టి, ఆ పందెంలో నా గొప్పేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది.

కిందటేడు మేమిద్దరం ఒక హీరోయిన్ మీద మనసు పడ్డాం. ఉత్తరాది పిల్ల. సినిమాలో రేషన్ షాపు వరుసలో పొద్దున్నుంచి నిలబడుతుంది. తన వంతు వచ్చేసరికి బియ్యం అయిపోయాయంటారు. అప్పుడు డీలరుతో నవ్వుతూ మొదలుపెట్టి ఏడుపులోకి జారిపోయే మాటలున్నాయి చూడండి, నేను నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ కళ్లు తుడుచుకున్నాను. ఏళ్ల తరబడి అవార్డులను బూతులు తిట్టినదాన్ని, ఈ ఒక్కసారి గెలిచేదీ గెలవాల్సిందీ ఒకరేనని మా ఆయనతో కూడా గొప్పగా చెప్పాను.

అంతలో కరెంటు ఎక్కువతక్కువలకి టీవీలో స్పీకరు పోయింది. బొమ్మ వస్తోంది, మాట లేదు. మెకానిక్ వారం దాకా రానన్నాడు. వినపడకపోతే ఏం, మాటలు నోటికొచ్చేశాయి కదా అని ఒక మధ్యాహ్నం ఆ సినిమానే పెట్టుకున్నాం. రేషన్ షాపు సీను వచ్చింది. ఆ పిల్ల నోరు కదిలింది. కళ్లు పెద్దవయ్యాయి. తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగింది. అంతే. నా కళ్లు తడవలేదు. సీను మళ్లీ వెనక్కి తిప్పాను. మళ్లీ అంతే.

"ఈ పిల్ల ఏం చేస్తలేదక్కా," అంది ఆమె. "మూతి ఆడిస్తున్నది, అంతె. ఏడ్చింది ఇంకెవ్వరో."

నాకు ఒళ్లు మండింది, ముందు ఆమె మీద, తర్వాత నా మీద. ఆ పిల్లకు తెలుగు రాదని, గొంతు ఇంకొకరిస్తారని, చాలామంది హీరోయిన్లది అదే వరస అని నాకు తెలియనిది కాదు. తెలిసీ ఆ మొహం చూసి ఏడ్చాను. ఆమెకు ఈ డబ్బింగ్ సంగతంతా విప్పి చెప్పాను.

"మరి ఆ గొంతిచ్చినామె పేరేంది?" అంది.

సినిమా చివరికి పోయాం. పేర్లు పరుగెడుతున్నాయి. ఆపి, వెనక్కి, మళ్లీ ఆపి వెతికాను. భోజనాలు పెట్టినవాళ్లకీ జనరేటర్ నడిపినవాళ్లకీ మధ్య, చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. చదివి చెప్పాను. ఆమె డబ్బా మూత తీసుకుని, గెలవాల్సింది అన్న వరుసలో ఆ పేరు ఒక్కో అక్షరం నన్నడిగి రాసుకుంది. ఉత్తమ నటి కింద అలా రాయకూడదే, అది వేరే లెక్క అంటే వినలేదు. "ఏడిపించింది ఆమెనే గదా," అంది. నేను మొదటి వరుసలో ఆ హీరోయిన్ పేరు రాశాను. రాస్తున్నప్పుడే చేదుగా అనిపించింది.

ఆదివారం వచ్చింది. స్పీకరు బాగైంది, బాగవకపోతేనే బాగుండేది. హీరోయినే గెలిచింది. నేల ఊడ్చే గౌను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని స్టేజీ ఎక్కింది. "అందరికీ నమస్కారం, బాగున్నారా" అని వచ్చిన రెండు తెలుగు ముక్కలూ వదిలింది. జనం ఈలలు. ఆ తర్వాత దేవుడికి, అమ్మకి, డైరెక్టరుకి, నిర్మాతకి, మేకప్ మనిషికి, జుట్టు దువ్విన మనిషికి, ఎండలో గొడుగు పట్టిన కుర్రాడికి, చివరికి ఇంట్లో ఉన్న కుక్కపిల్లకి కూడా కృతజ్ఞతలు చెప్పింది. కుక్క పేరు రెండుసార్లు పలికింది. వెంటనే వెనక తెర మీద రేషన్ షాపు సీను వేశారు. ఆ గొంతు హాలంతా వినపడుతోంది, ఈవిడ తన గొంతే అన్నట్టు కళ్లు ఒత్తుకుంటోంది. ఛీ. చేతిలో ఉన్న టీ గ్లాసు టీవీ మీదికి విసిరేద్దామన్నంత అసహ్యం వేసింది.

ఆ తర్వాత పక్షం రోజులూ నా నోటికి తాళం పడలేదు. లంగా గుడ్డ కొనడానికి వచ్చినవాళ్లకీ, పక్క కిరాణా ఆయనకీ, బస్సు కోసం మా అరుగు మీద కూర్చున్నవాళ్లకీ అదే పురాణం. ఒక మనిషి గొంతు మీద నిలబడి అవార్డు బొమ్మ పట్టుకుని ఇంటికెళ్లింది, ఆ పేరు చెప్పడానికి ఒక్క క్షణం పట్టేదా, సిగ్గులేని జన్మ అని తిట్టాను. ఆమె మాత్రం చీరలకు మడతలు పెట్టుకుంటూ వినేది.

అదే నెలలో మా ఊరి వ్యాపారుల సంఘం వాళ్లు మా ఆయనకు కబురు చేశారు. వార్షిక సభలో నాకు సమ్మాన్ అట. ఉత్తమ మహిళా వ్యాపారి. శాలువా, మెమెంటో, మైకులో రెండు మాటలు. అవార్డులన్నిటి మీదా ఉమ్మేసిన నోటితో వద్దని ఒక్కసారైనా అనాల్సింది. అనలేదు. గెలిచినట్టు ముందే తెలిసినా, షాపుకొచ్చినవాళ్లు చెప్పినప్పుడల్లా "అయ్యో, నాకా?" అంటూ గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాను.

కట్టుకునే చీర ఆమే ఎంచింది. నా భుజం మీద వేసి, రెండడుగులు వెనక్కి నడిచి చూసి, అక్కడి నుంచే అడిగింది.

"అక్కా, మైకుల నా పేరు చెప్తవా?"

పన్నెండేళ్లలో ఆమె నన్ను సెలవులు అడిగింది, అడ్వాన్సు అడిగింది. ఇలాంటిది ఎన్నడూ అడగలేదు.

"చెప్పకుంటె నేనూ ఆ కుక్కపిల్లదాని లెక్కనే గదనే," అన్నాను. "మొట్టమొదలు నీ పేరే."

"అయితే మా అమ్మను తోల్కొస్త. నేనీడ ఏం పని చేస్తనో ఆమెకు తెల్వదు. పేరు మైకుల వింటె సంబరపడ్తది."

సభ రోజు పొద్దున బస్సులో తల్లిని తీసుకొచ్చింది. ముసలమ్మకు దోర్లీ తప్ప ఇంకో ముక్క రాదు. మెడలో పూసలదండలు, ఒంటి మీద కూతురు మా షాపులోనే కొన్న కొత్త చీర, ఇంకా మడత విప్పిన గీతలు పోలేదు. టెంటు కింద మూడో వరుసలో కూర్చోబెట్టింది. నేను స్టేజీ మీద కూర్చుని చూస్తున్నాను. కూతురు తల్లి చెవిలో ఏదో చెప్పడం, ముసలమ్మ మైకు వైపు చూపించి అడగడం, ఇద్దరూ నవ్వుకోవడం కనపడుతున్నాయి.

నా వంతు వచ్చింది. హిందీలో మొదలుపెట్టాను. ఊరికి, సంఘానికి, పెద్దలకు నమస్కారం చెప్పాను. తర్వాతి మాట ఆమె పేరే. నోట్లో సిద్ధంగా ఉంది. ఇదంతా మర్చిపోయానని రాసుకోవడం తేలిక. మర్చిపోలేదు. ముందు వరుసలో మాకు పోటీ ఉన్న ఇద్దరు బట్టల వ్యాపారులు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. ఓహో, ఆ షాపు నడిపేది ఆ పనిమనిషా, ఈవిడకు బేరమాడడమే రాదా అని నవ్వుకుంటారని ఒక ఆలోచన వచ్చింది. రేపే ఆమెను పిలిచి ఎక్కువ ఇస్తామంటారని ఇంకో ఆలోచన. రెండూ కలిసి ఎంతసేపు పట్టాయి? ఒక ఊపిరంతసేపు. ఆ పేరు మింగేశాను. మా ఆయనకు, మా అత్తగారి ఆశీర్వాదానికి, దండకారణ్యపు మట్టికి, మమ్మల్ని ఆదరించిన ఆదివాసీ సోదరీసోదరులకు ధన్యవాదాలు చెప్పాను. ఆ చివరి ముక్కకు చప్పట్లు బాగా పడ్డాయి. నేను తలవంచి అందుకున్నాను. గొంతు కూడా ఎక్కడ వణకాలో అక్కడ వణికింది.

మూడో వరుస వైపు చూడకుండా శాలువా కప్పించుకున్నాను, ఫోటోకి నవ్వాను. నా మీద నాకు అంత రోత ఎప్పుడూ పుట్టలేదు. పుట్టి ఏం లాభం, మైకు చేతిలోంచి పోయింది.

సభ అయిపోయి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. తప్పించుకునే దారి లేక వాళ్లున్న చోటుకే దిగి వచ్చాను. ఆమె నా చేతిలోంచి మెమెంటో అందుకుని, మెరిసే చమ్కీ కాగితం చిరగకుండా పట్టుకుంది. ముసలమ్మ నా శాలువా అంచు పట్టి చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగి, నీ పేరు ఎప్పుడు చెప్పింది, నాకు వినపడలేదే అని దోర్లీలో అడిగింది.

నాకు అర్థమవుతుందని కూతురికి తెలుసు. నా మొహం చూడలేదు. తల్లి భుజం మీద జారిన కొంగు సర్దుతూ, అదే భాషలో, రోజూ నా బేరాలు ఒప్పించే ఆ మెత్తని గొంతుతోనే చెప్పింది. మొట్టమొదలే చెప్పిందమ్మా, చప్పట్లలో నీకు వినపడలేదు అంది.

ముసలమ్మ మొహం విప్పారింది. నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

నేనూ చేతులు జోడించాను.