మా నాయన గ్రాండ్ ప్రిక్స్

మా చిన్నప్పుడు... ఉరవకొండలో మా నాయన మెకానిక్ షెడ్డు గోడ మీద పదకొండు రేసు కార్లు ఉండేవి. పాత సామాన్ల అంగట్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకాల్లోంచి చించి, మైదాపిండి ఉడకబెట్టి అంటించిన బొమ్మలు. అన్నీ నలుపు తెలుపే.

ఇప్పటి రేసు కార్లకున్నట్టు రెక్కలూ తోకలూ ఉండేవి కావు వాటికి. పొడుగ్గా, నున్నగా, మా చేలల్లో పండే శెనక్కాయ బుడ్డలాగా ఉండేవి. అందుకే మేం బుడ్డకార్లు అనేవాళ్ళం. మధ్యలో చిన్న గుంత... అందులో ఒక మనిషి. కళ్ళకు అద్దాలు, మెడకు గుడ్డ, మొహమంతా నూనె మరకలు. బెల్టు లేదు, పైన కప్పు లేదు.

నాయన అయిదో తరగతి దాకా చదివాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాడు. బొమ్మల కింద Grand Prix అని ఉన్న రేసు పేరును ఉన్నదున్నట్టు చదివాడు... గ్రాండ్ ప్రిక్స్! ఇంక చూస్కోండి. ఏ లారీ ఇంజనో బాగుపడి గుర్రుమంటే చాలు, "గ్రాండ్ ప్రిక్స్!" అని షెడ్డు అదిరేలా అరిచేవాడు. చిత్రాన్నం బాగా కుదిరితే మా అమ్మ కూడా "ఈ పొద్దు గ్రాండ్ ప్రిక్స్" అనేది.

"ఈయప్ప చేతులు చూడు పాపా," అని నాయన బొమ్మ మీద వేలు పెట్టి చూపించేవాడు. "గ్రీసు ఉండాది. అంటే బండి తోలేవోడే పానా పట్టినాడు. మనోడే!"

ఒకరోజు జీపు బాగుచేయించుకోవడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. నాయన నోటి వెంట ఆ మాట విని పకపకా నవ్వాడు.

"ప్రిక్స్ కాదయ్యా... గ్రాండ్ ప్రీ అనాలి."

"మరి ఆ చివర ఎక్స్ ఎందుకు పెట్టినారు సార్?" అడిగాడు నాయన... నిజంగానే తెలుసుకుందామని.

"నీకు చెప్పినా అర్థం కాదులే," అని ఆయన మళ్ళీ నవ్వాడు. చుట్టూ ఉన్న లారీ డ్రైవర్లు కూడా నవ్వారు.

అంతే... నాయన ఆ మాట అనడం మానేశాడు. ఇంజన్లు బాగుపడుతూనే ఉన్నాయి. నాయన మాత్రం చేతులు తుడుచుకుని, నోరెత్తకుండా పక్క బండి దగ్గరికి పోయేవాడు. గోడ వైపు కూడా చూసేవాడు కాదు.

నాకప్పుడు పదేళ్ళు. ఒళ్ళు మండిపోయింది. ఆ ఆఫీసరు తన చదువు తన దగ్గర పెట్టుకోక, మా నాయన నోట్లో మాట లాక్కుపోతాడా? ఎలాగైనా నాయన చేత ఆ మాట మళ్ళీ అనిపించాలి... నాకు అదే పట్టుకుంది.

దసరా సెలవుల్లో మా వీధి పిల్లలకు బేరింగు బండ్ల పందెం ఉండేది. చెక్క పలకకు పాత బేరింగులు చక్రాలుగా బిగించి, కొండ వైపు నుంచి మా షెడ్డు దాకా ఉన్న వాలు రోడ్డు మీద జారడం. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది... చేలల్లో పని లేక పెద్దవాళ్ళు కూడా రోడ్డు పక్కన చేరారు.

నేనూ ఒక బండి కట్టాను. నూనె డబ్బా కోసి, బుడ్డకారు మూతిలాగా ముందు బిగించాను. ఎర్ర రంగు వేశాను. దాని మీద తెల్ల రంగుతో, ఇంత లావు అక్షరాలతో రాశాను... గ్రాండ్ ప్రిక్స్.

"ఏమే, నువ్వు తోల్తావా? ఎనక నుంచి తొయ్యి, నేను కూచుంటా," అన్నాడు మా చిన్నాన్న కొడుకు.

"కట్టింది ఎవురు? నేను. కూచునేదీ నేనే. నువ్వే తొయ్యి!"

తోశాడు పాపం... కోపం కొద్దీ గట్టిగానే తోశాడు.

నేనే గెలిచానని రాస్తే బాగుంటుంది గానీ... నలుగురిలో మూడోదాన్ని. పైగా బ్రేకు లేదు. గీత దాటినా బండి ఆగక, షెడ్డు ముందున్న పాత టైర్లను గుద్ది బోల్తా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. జనం ఒకటే నవ్వు. నాయన పానా పడేసి పరుగెత్తుకొచ్చాడు.

నన్ను లేపి, మోకాలు చూసి, బండిని తిప్పి నిలబెట్టాడు. అప్పుడు కనబడ్డాయి ఆ అక్షరాలు.

"ఎవురు రాసినారు పాపా?"

"నేనే."

"తప్పంట గదా..."

"తప్పయితే కానీలే నాయనా. మనం ఇట్లే అందాం."

నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను భుజాన ఎత్తుకున్నాడు. నవ్వుతున్న జనం వైపు తిరిగి, రోడ్డంతా వినబడేలా అరిచాడు... "గ్రాండ్ ప్రిక్స్!"

ఇప్పుడు నాయనా లేడు, ఆ గోడా లేదు. ఇప్పటి రేసులు ఫోన్లో చూస్తుంటాను... డ్రైవరు చెవిలో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. టైరు ఎంత వేడెక్కిందో కూడా వాళ్ళే చెబుతారు. తోలేవాడి చేతికి గ్రీసు అంటదు. ఆ రోజుల్లో లాగా ప్రాణాలు పోవడం లేదు, అది మంచిదే, కాదనను. అనంతపురంలో నా డ్రైవింగ్ స్కూల్లో బెల్టు పెట్టుకోనిదే బండి కదలనివ్వను. అయినా నా మనసు ఆ బుడ్డకార్ల దగ్గరే ఆగిపోయింది... ఏం చేసుకుంటారో చేసుకోండి.

మొన్న మా స్కూలు బోర్డు ఫోటో ఇక్కడ పెడితే ఒకాయన కామెంట్ పెట్టాడు. "గ్రాండ్ ప్రిక్స్ డ్రైవింగ్ స్కూలా? ముందు పలకడం నేర్చుకోండి మేడం" అని. దాని కింద బోలెడు నవ్వు బొమ్మలు. బోర్డు రాసేటప్పుడు పెయింటరు కూడా అడిగాడు, "అక్కా, ప్రీ అంట గదా, మార్చేదా?" అని.

మార్చను. ఎలా పలకాలో నాకు పదేళ్ళప్పటి నుంచీ తెలుసు. తెలిసే అలా రాయించాను.

మీ ఇంట్లోనూ అలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది... లోకమంతా తప్పంటుంది, మీ అమ్మో నాయనో అలాగే అన్నారు కాబట్టి మీరు మార్చుకోరు. ఆ మాట కింద రాయండి. దిద్దడానికి ఎవరైనా వస్తే... వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.