టికెట్టు అడగని బావ

మొన్న బాన్సువాడ బస్టాండు ఎదుట టీ తాగుతుంటే మా వీధి బట్టల దుకాణం ఆయన కాగితాల కట్టతో వచ్చాడు. "అన్న, మన ఊరికి రైలు రావాలె. ఇగ గిక్కడొక సంతకం చెయ్యుండ్రి" అన్నాడు. చేశాను. రైలొస్తే గిరాకీ పెరుగుతుందనీ, బస్సుల్లో ఒళ్లు హూనం చేసుకునే పని తప్పుతుందనీ ఆయన చెబుతూనే ఉన్నాడు. ఒక ఊరికి రైలు లేకుండా చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణని ఆయనకేం తెలుసు?

మా అక్కను సముద్రం పక్క ఊరికిచ్చారు. మా పొలాల దగ్గరి క్యాంపులో స్థిరపడిన కోస్తావాళ్లు కుదిర్చిన సంబంధం. అక్కడి స్టేషనంటే ఒక గది, ఒక సిమెంటు బల్ల, వెనక సరుగుడు తోట. ప్లాట్‌ఫారం మీద ఇసుకే ఎక్కువ. రోజుకు రెండు ప్యాసింజర్లు ఆగేవి. రైల్వే ఉద్యోగి ఒక్కడూ ఉండడు. టికెట్లమ్మే పని కమీషను మీద మా బావకిచ్చారు. ఆయన దాన్ని కలెక్టరు పదవనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని గంట ముందే వెళ్లి, ఉప్పుగాలికి జిగటెక్కిన బల్లను తువ్వాలుతో తుడిచి, కుండలో మంచినీళ్లు నింపి కూర్చునేవాడు. ఎండుచేపల గంపలు తానే ఎత్తి రైల్లో పెట్టేవాడు. అక్క ఎంత ఉతికినా ఆ వాసన ఆ చొక్కాను వదిలేది కాదు.

టికెట్టు అడగడం మాత్రం ఆయనకు చేతకాలేదు. ఊరంతా చుట్టాలే. పిన్నినీ, వియ్యంకుణ్ణీ టికెట్టు కొనమనడం మర్యాద కాదని ఆయన నమ్మకం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈయన అడగడు, ఊరు పెట్టదు. కొనే నలుగురూ కొనేవారు, మిగతావాళ్లు వెళ్లొస్తామని చెప్పి ఎక్కేవారు. ఆ లైన్లో తనిఖీకి వచ్చే పుణ్యాత్ముడూ లేడు. ఏటా వేసవిలో వెళ్లే నేను తిరుగు ప్రయాణంలో జేబులో చెయ్యి పెడితే, మా ఇంటికొచ్చి టికెట్టు కొంటావా అని కసిరేవాడు. రెండేళ్లయ్యాక నేను జేబులో చెయ్యి పెట్టడం కూడా మానేశాను.

చివరిసారి వెళ్లినప్పుడు, రైలు కూత వినబడుతుండగా, బావ నా ముందుకు ఒక టికెట్టు చాపాడు. చాపాడు గానీ ముఖం పట్టాల వైపు తిప్పుకున్నాడు.

"ఈసారికి తీసుకో, బావమరిదీ."

నేను నవ్వి, ఆ టికెట్టు ఆయన జేబులోనే కుక్కి, "మనోళ్ల మధ్య టికెట్ ఏంది బావ" అంటూ ఎక్కేశాను. ఆయన రెండోసారి అడగలేదు.

తర్వాత అక్క ఫోనులో చెప్పింది. అమ్మకాల్లేని స్టేషన్లు ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చిందట. అప్పటికే కొన్నాళ్లు తన డబ్బులతో టికెట్లు చింపి నెట్టుకొచ్చాడట బావ. చివరికి, అమ్మకాలు చూపించమని ఒక వారం గడువిచ్చారు. ఆ వారమంతా ఆయన తలవంచుకొని ఎక్కేవాళ్లందరికీ టికెట్టు చాపాడు. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడేమిటని కొందరు ముఖం మాడ్చుకున్నారు, కొందరు నాలాగే నవ్వారు. నెల తిరక్కుండా రైలు ఆగడం మానేసింది. దమ్మిడీ పెట్టకుండా తిరిగిన ఊరే, డబ్బులు ఆయన తినబట్టే స్టేషను పోయిందని చెప్పుకుంది. ఆ మాట పడ్డాక బావ వీధిలోకి రావడం దాదాపు మానుకున్నాడు. నాకు ఆ ఊరి మీద ఒళ్లు మండింది, నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క అంతా విన్నది.

"ఊరోళ్ల సంగతి ఇడిసెయ్. నువ్వన్న కొనొచ్చు గద తమ్మీ" అన్నది.

కోపంగా అనలేదు, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అన్నది. కోపంగా అన్నా బాగుండేది. ఇప్పుడు వాళ్లింటికి వెళ్లాలంటే పెద్ద స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. టికెట్టు తప్పకుండా కొంటున్నాను, దాని వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. కొన్ని పనులకు కాలం మనకు ఒక్క వారమే ఇస్తుంది. ఆ వారంలో నేను నవ్వుతూ రైలెక్కాను.