చేతులు కట్టుకున్న మేడమ్

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. వార్డంతా "చేతులు కట్టుకున్న మేడమ్" అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే. పొగుడుదామని పెట్టలేదు, ఒళ్ళు మండి పెట్టాను.

నేను బస్సు డ్రైవర్ని. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయేదాకా స్టీరింగు వదలనివాణ్ణి. కాస్త కోలుకున్నాక నన్ను చక్రాల కుర్చీలో ఆమె గదికి తీసుకెళ్ళారు. ఆసుపత్రి గదిలా లేదది. ఒక మంచం, ఒక స్టవ్, ఒక సింకు, ఒక చెక్కకు బిగించిన రకరకాల గొళ్ళాలు, బల్ల మీద మడతపెట్టిన చొక్కాలు. చెయ్యీ కాలూ పడిపోయినవాళ్ళకు తమ పనులు తామే చేసుకోవడం మళ్ళీ అక్కడ నేర్పుతారు. దాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారని తర్వాత తెలిసింది. మేడమ్ నా ఒళ్ళో ఒక చొక్కా పెట్టి, "తొడుక్కోండి డ్రైవరుగారూ" అని, ఎదురుగా స్టూలు లాక్కుని చేతులు కట్టుకుని కూర్చుంది.

నేను ఆ చొక్కాతో కుస్తీ పట్టాను. ఒక చెయ్యి దూరితే రెండోది బయటే ఉండిపోయేది. చూడలేక మా ఆవిడ గబగబా వచ్చి చొక్కా అందుకుంది.

"మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అంది మేడమ్.

మా ఆవిడను బయటికి పొమ్మన్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు. "చూస్తూ కూర్చోడానికా నీకు జీతమిచ్చేది?" అని ఒంటికాలి మీద లేచాను. రెండో కాలు ఎలాగూ లేవదు కాబట్టి, ఆ మాట ఆవేళ నా పట్ల అక్షరాలా నిజం.

"అవునండీ, చూడ్డానికే" అందామె. "మీ చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో చూడాలి కదా. నేనే తొడిగేస్తే అది నాకెలా తెలుస్తుంది? ఊఁ, పనిచేయని చెయ్యి ముందు దూర్చండి. బొత్తాలు కిందనుంచి మొదలుపెట్టండి. కిందైతే కంటికి కనపడతాయి."

మర్నాడు మళ్ళీ అదే చొక్కా, అవే కట్టుకున్న చేతులు. తిట్టీ తిట్టీ నా నోరు నొప్పెట్టింది గానీ ఆమె స్టూలు మీంచి కదల్లేదు.

ఆమె అప్పటికే ఏళ్ళ తరబడి ఆ పని చేస్తోంది. అయినా మాస్టర్స్ చదవడానికి చేరింది. పగలు వార్డు, సాయంత్రం క్లాసు. సెలవు కుదరదంటే ఆదివారాలు డ్యూటీ చేసి దానికి బదులు సెలవు తీసుకునేది. ఒకరోజు రౌండ్సుకు వచ్చిన పెద్దడాక్టరు ఆమె సంచిలో పుస్తకాలు చూసి మా అందరి ముందూ నవ్వాడు.

"బొత్తాలు పెట్టించడానికి ఇంత చదువెందుకమ్మా?"

"బొత్తాలు పెట్టుకోలేనివాళ్ళను అడగండి సార్" అంది మేడమ్. గొంతు పెంచలేదు, తల దించలేదు. పెద్దడాక్టరు పక్క మంచానికి వెళ్ళిపోయాడు. ఆరోజే మొదటిసారి నాకు ఆమె నచ్చింది.

ఇంట్లోనూ అంతేనట. "నీ ఈడువాళ్ళు పిల్లల చదువులు చూసుకుంటున్నారు" అని అత్తగారు అంటే, "వాళ్ళ చదువు వాళ్ళు చూసుకుంటున్నారత్తయ్యా, నాది నేను చూసుకుంటాను" అందట. అయితే ఇంట్లో ఆమె చేసిన తప్పొకటి ఉంది. అది ఆమే నవ్వుతూ మాకు చెప్పింది. వార్డులో ఎవరికీ చొక్కా అందించని మనిషి ఇంట్లో భర్తకు తువ్వాలు, సాక్సులు, కళ్ళజోడు అన్నీ చేతికి అందించేదట. "నా చేతులారా మా ఆయన్ని పేషెంటుని చేసిపెట్టాను డ్రైవరుగారూ" అంది. చదువులో పడ్డాక అక్కడా చేతులు కట్టుకుంది. ఆయన కొన్నాళ్ళు ఒక కాలికి నల్ల సాక్సు, ఒక కాలికి గోధుమరంగు సాక్సు వేసుకుని ఆఫీసుకు వెళ్ళాడట. తర్వాత సొరుగు ఎక్కడుందో ఆయనకే తెలిసొచ్చింది.

ఆమె పరిశోధనకు ఎంచుకున్నదీ అదే సంగతి. ఇంట్లోవాళ్ళు అన్నీ చేసిపెట్టే రోగి ఎలా కోలుకుంటాడు, అతన్నే చేసుకోనిస్తే ఎలా కోలుకుంటాడు అని. ఏదైనా కొత్త మిషను మీద చెయ్యమని కాలేజీలో చెబితే ససేమిరా అంది. సంగతి తెలిసి మా ఆవిడ మొహం మాడ్చుకుంది.

"నేను మీకు అన్నం కలిపి పెట్టడం మీద ఆవిడ పరీక్ష రాస్తుందా?" అంది.

చదువు చివర ఒక ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. ఒక రోగిని తీసుకెళ్ళి, అతని చేత రోజువారీ పని ఒకటి పరీక్షకుల ముందు, గంట కొట్టేలోగా పూర్తి చేయించాలి. పూర్తి కాకపోతే డిగ్రీ రాదు. మేడమ్ నన్ను అడిగింది. ఇంతమందిలో నన్నే అడిగిందని నా కళ్ళు నెత్తికెక్కాయి.

ఆ కళ్ళే కొంప ముంచాయి. పరీక్షకుల ముందు చొక్కా తొడుక్కుని, మామూలు మగాడిలా కనిపించాలని పైనుంచి బొత్తాలు మొదలుపెట్టాను. ఎడమచేత్తో దర్జాగా పెట్టుకుంటూ కిందికి వచ్చేసరికి ఒక బొత్తాం మిగిలింది, దానికి కాజా లేదు. చొక్కా ఒకపక్క పైకి, ఒకపక్క కిందికి వేలాడుతోంది. మేడమ్ వైపు చూశాను. ఆమె చేతులు కట్టుకునే ఉంది గానీ, వేళ్ళు మోచేతుల్లోకి దిగబడి ఉన్నాయి.

"టైమైపోతోందమ్మా" అన్నాడు పరీక్షకుడు మెత్తగానే. "కాస్త చెయ్యేసి పూర్తి చేయించండి."

"చొక్కా ఆయనది సార్."

"పరీక్ష మీది కదా."

"అవును సార్. అందుకే ముట్టుకోను."

నేను అన్నీ విప్పి మళ్ళీ కిందనుంచి మొదలుపెట్టాను. సగంలో ఉండగా గంట కొట్టారు. మేడమ్ ఫెయిలైంది.

వరండాలోకి వచ్చాక నేను ఆగలేకపోయాను. "ఒక్క చెయ్యి వేస్తే నీ సొమ్మేం పోయేదమ్మా?"

"వేస్తే పాసయ్యేదాన్ని" అంది. "రేపట్నుంచి మీరు ప్రతి బొత్తాం దగ్గరా నా మొహం చూసేవాళ్ళు." అని అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. నన్ను చూసి దాచుకోలేదు. ఏడవడం అయ్యాక మొహం కడుక్కుని వచ్చి, "మళ్ళీ రాస్తాను" అంది.

పెద్దడాక్టరుకు సంగతి తెలిసింది. "ఈసారైనా కాస్త తెలివైన పేషెంటుని తీసుకెళ్ళు" అన్నాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

"ఆయనే వస్తారు సార్" అంది మేడమ్.

"నేను కాకపోతే ఇంకెవరొస్తారు" అన్నాను. పెద్దడాక్టరుతో అలా మాట్లాడటం మర్యాద కాదని తెలుసు. తెలిసే అన్నాను.

అప్పటికి నన్ను ఇంటికి పంపేశారు. ఇక ఇంట్లో రోజూ పొద్దున్నే నాకూ చొక్కాకూ యుద్ధం. మా అబ్బాయి బొత్తాలు లేని టీషర్టు కొనుక్కొస్తే మూలకు విసిరేశాను. మా ఆవిడ చూడలేక వంటింట్లోకి పోయి గిన్నెలు దభీదభీమని పడేసేది. కానీ ఇవతలికి వచ్చేది కాదు. అది ఆమెకెంత కష్టమో ఆ గిన్నెల చప్పుడే చెప్పేది.

రెండోసారి పరీక్ష. అదే గది, అదే పరీక్షకుడు. "ఈసారి సాయం చేస్తారా?" అని అడిగాడు.

"చేయను సార్."

పనిచేయని చెయ్యి ముందు దూర్చాను. దర్జా సంగతి ఇంటి దగ్గరే వదిలేసి, కిందనుంచి మొదలుపెట్టాను. నడిమి బొత్తాం రెండుసార్లు జారిపోయింది. బూతు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మెడ దగ్గరిది పెట్టి తలెత్తేసరికి ఇంకా గంట కొట్టలేదు.

పరీక్షకుడు నా చొక్కా పైనుంచి కిందిదాకా చూసి, ఆమె వైపు తిరిగాడు. "ఇందులో మీరు చేసిందేమిటో చెప్పండి."

"ఆయనకు అడ్డం రాలేదు సార్" అంది మేడమ్. "అది నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది."

ఆయన తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత పాసయ్యారని చెప్పాడు.

బయట బెంచీ మీద మా ఆవిడ కూర్చుని ఉంది. పాసైందని చెబితే లేచి మేడమ్ చెయ్యి పట్టుకుంది. అంతలో నా మెడ వైపు చూసింది. కాలరు ఒకపక్క లోపలికి మడతపడిపోయి ఉంది. అలవాటుకొద్దీ ఆమె చెయ్యి ముందుకొచ్చింది. సగం దూరం వచ్చి ఆగింది. మా ఆవిడ ఆ చేతిని వెనక్కి తీసుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడింది.

"కాలరు లోపలికి పోయిందండీ" అంది.

నేను సరిచేసుకున్నాను.