బల్బు ఆర్పించే రేనో

మా వీధిలో రేనో కైవోలాకి ఉన్న పిచ్చి ఒక్కటే: ఆగస్టు వచ్చాక ఎవరి వరండాలో బల్బు వెలిగినా ఊరుకోడు.

కారణం అతని పెరట్లోని నాలుగు గంజాయి మొక్కలు. ఇంటికి నాలుగు పెంచుకోవడానికి కెనడా చట్టం ఒప్పుకుంది గాని, సడ్‌బరీకి ఉత్తరాన ఉన్న మా చలి ఒప్పుకోలేదు. రాత్రులు పొడుగవుతున్నాయని తెలిస్తేనే ఆ మొక్క పూతకొస్తుంది. రాత్రిపూట వెలుగు పడితే ఇంకా వేసవే అనుకుని ఆకులేసుకుంటూ కూర్చుంటుంది. ఈలోగా మంచు పడి చస్తుంది.

పొద్దు గూకగానే మా ఎదురింటి గని కార్మికుడి తలుపు బాదేవాడు. "బల్బు ఆర్పు!"

"మెట్లు కనపడొద్దూ?"

"ముప్ఫయ్యేళ్లు గనిలో దిగినోడివి, నీకు చీకటి కొత్తా?"

"నీ మొక్కలకే గుడ్డ కప్పుకోరాదూ?" అని నేనోసారి అడిగాను.

"కప్పితే గాలాడక బూజు పడతాయి. నీ బల్బుకి బూజు పట్టదుగా, దానికి కప్పు!"

బజారు ఎరువు ముట్టడు. చేప పేగులు కుళ్లబెట్టి వేస్తాడు. ఆ వాసనకి అడవిలోంచి వచ్చిన ఎలుగుబంటి, ఒక్కసారి పీల్చి, వచ్చిన దారినే పోయింది. ఇంతా చేసి తను ఒక్క దమ్ము లాగడు.

"మరెవరికోసమయ్యా?"

"పేపర్లో రాసేవాడివి. నీకు చెప్తానా?"

కిందటి సెప్టెంబరులో మొక్కలు మొగ్గ తొడిగాయి. ఆ వారమే అతని పక్కింటి డోరిస్ తన బల్బు ఆర్పడం మానేసింది. రేనో నిచ్చెన భుజానేసుకుని బయల్దేరాడు. పగలగొడతాడని వెనకే పరిగెత్తాను.

డోరిస్ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె భర్త ఆర్మాండ్‌కి క్యాన్సర్ ఎముకల్లోకి దిగింది.

"కోప్పడకు రేనో. నర్సు చీకటి పడ్డాకే వస్తోంది. నిన్న మెట్ల మీద జారిపడింది." నావైపు తిరిగింది. "ఆ మొక్కలు మా ఆయన కోసమే. కొట్లో కొన్న గంజాయి తైలం ఆయన కడుపులో నిలవదు. నిరుడు ఇతను కాచిచ్చిన సీసాతోనే కాస్త నిద్రపోయాడు. అదీ అయిపోయింది."

ఆమె లోపలికి వెళ్లాక రేనో నిచ్చెనెక్కాడు. చిన్న బల్బు విప్పి, హాకీ మైదానానికి సరిపోయేంత దీపం బిగించాడు. అతని పెరడు కూడా పట్టపగలైంది.

"పూత పోతుంది కదయ్యా!"

"అది పండేదాకా అతనుండడు," గొణిగాడు. "నర్సు కాలు విరక్కుండా లోపలికెళ్తే చాలు."

అక్టోబరు మొదట్లో ఆర్మాండ్ పోయాడు. తర్వాత మంచు పడింది. ఎదగని మొగ్గలతోనే మొక్కలు నల్లబడిపోయాయి.

ఈ ఆగస్టులో డోరిస్ తనంతట తనే దీపం ఆర్పేసింది. రేనో వెళ్లి తలుపు బాదాడు.

"దీపమేదీ?"

"నీ మొక్కలకని ఆర్పాను."

"బంగాళాదుంపలేశాను. వాటికి పగలో రాత్రో తెలిసి చావదు. దీపం వెయ్యి! సూపు తెస్తున్నాను, దారి కనపడాలి."

"అయితే నేనూ వేసుకోవచ్చా?" అని మా వరండాలోంచి అరిచాను.

"నీకెందుకు? నీ మొహం ఎవరు చూడాలి?"