నాలుగో ఊరి జంట కమ్మీలు

ఆ ఉదయం పేపరు విప్పేసరికి నా భార్య గీసిన బార్ గ్రాఫులో కమ్మీలన్నీ ఒకే బూడిదరంగులో ఉన్నాయి. రంగుల పేజీలో రావలసిన గ్రాఫు. ఆఖరి నిమిషంలో ప్రకటన వచ్చి, దాన్ని నలుపు తెలుపు పేజీలోకి నెట్టింది. ఎరుపూ ఆకుపచ్చా అక్కడ ఒక్కలాగే పడతాయని, అన్నేళ్లు పేపరు డెస్కులో పనిచేసిన నాకు తెలియనిది కాదు. ఆ పేజీ పంపింది నేనే.

ఆమె రాజోలు వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పేది. వరసగా రెండు వేసవులు, సముద్రం దగ్గరి నాలుగు ఊళ్ల బావినీళ్లు పిల్లల చేత తెప్పించి, బడిలోని మీటరుతో ఉప్పు కొలిపించింది. ఊరికి రెండు కమ్మీలు పక్కపక్కనే, ఏ ఏటిదైనా పొడుగుది ముందు: నిరుటిది ఆకుపచ్చ, ఆ ఏటిది ఎరుపు. అలా జంటగా నిలబెడితే ఏ ఊరి నీళ్లు ఎటు పోతున్నాయో చదువు రానివాళ్లకి కూడా తెలుస్తుందనేది.

నాలుగోది ఆమె పుట్టిన ఊరు, మలికిపురం అవతల. అక్కడ ఆమె వాటాకి కాస్త కొబ్బరితోట ఉంది. రిటైరయ్యాక అందులో రెండు గదులు వేసుకోవాలని కోరిక. అమలాపురంలో మా అద్దె ఇంటి కుళాయి నీళ్లు తాగినప్పుడల్లా ఆ బావినీళ్ల రుచి తలుచుకునేది. నీళ్లు మళ్లీ తియ్యగా అవుతున్నాయని తమ్ముడు చెప్పేవాడు, ఉప్పెక్కిపోతున్నాయని ఇరుగుపొరుగు చెప్పేవారు. ఎవరి మాటా నమ్మక తనే కొలిపించింది.

గ్రాఫు నా చేతి మీదుగానే వెళ్లింది. కానీ పేజీ కట్టేవాడు ఖాళీ నిండిందా లేదా అనే చూస్తాడు. నేనూ అంతే చూశాను.

ఆమె ఆ ముక్క కత్తిరించి, మూడు ఊళ్లలో నిరుటి కమ్మీల మీద పెన్సిలుతో ఏటవాలు గీతలు గీసింది. నాలుగో జత వదిలేసింది. ఎందుకని అడిగాను.

"సవరణ వేయిస్తానన్నారు కదండీ. నా ఊరి సంగతి పేపర్లో చూసేకే గీస్తాను" అంది. "తప్పు చేస్తే పిల్లలకి మార్కులు కోసేస్తాను. మీకేం కొయ్యమంటారు?" అని నవ్వింది.

డెస్కు ఇన్‌ఛార్జిగారిని రెండుసార్లు అడిగాను. "ఆయ్, చూద్దామండి" అన్నారు. మొదటిసారి స్థలం లేదు, రెండోసారికి వార్త పాతబడింది. మూడోసారి అడగలేదు. ఆమె కూడా సవరణ మాట ఎత్తలేదు, తోటలో ఇంటి మాటా ఎత్తలేదు. రిటైరు కాకుండానే కన్నుమూసింది.

ఇన్నేళ్లకి ఈ వేసవిలో ఒక ఖాళీ సీసా పట్టుకుని ఆ ఊరు వెళ్లాను. బావి పూడ్చేసి పైన గచ్చు చేశారు. రంగుల్లో గీసిన అసలు గ్రాఫు ఆఫీసులోనే పోయింది, కొలతల పుస్తకం బడిలో పాత కాగితాలతో పాటు ఎప్పుడో పోయింది. నీళ్లు తెచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి ఇప్పుడు టీచరు. తనకి గుర్తు లేదంది.

కత్తిరింపు నా దగ్గరే ఉంది. నాలుగో జతలో ఒక కమ్మీ పొడుగు, ఒకటి పొట్టి. ఏది నిరుటిదో ఎక్కడా రాసి లేదు.