పెద్దప్ప మాత్రలో సగం

ఆ రోజుల్లో జమ్మలమడుగు వైపు ఊళ్లలో పార్టీ అంటే జెండా కాదు, మనిషి. ఆ మనిషి గడప తొక్కితే ఇంకో గడప తొక్కకూడదు. ప్రొద్దుటూరులో గుడ్డల అంగడి ఇంట్లో పుట్టి, అప్పుడే డాక్టరు చదువు ముగించిన నాకు ఇవేవీ తలకెక్కేవి కావు. నోట్లో వేసుకున్న మాత్ర పేగుల్లోంచి కాలేయానికి, అక్కడినుంచి నెత్తుట్లోకి ఎలా పోతుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. (మార్కులు బాగానే వచ్చాయి. పొగరు ఇంకా బాగా వచ్చింది.)

దగ్గర్లోని ఒక ఊళ్లో ఒక పార్టీకి పెద్ద ఉండేవాడు. అందరూ పెద్దప్ప అనేవారు. బీపీ విపరీతం. ఆయన ఇల్లు కదలడు గనుక జీపు పంపితే నేనే వెళ్లేదాన్ని. మాత్రలిచ్చాను, తగ్గలేదు. పులివెందులలో ఉన్న మా సీనియర్‌ను అడిగితే మోతాదు పెంచమన్నాడు. పెంచాను. ఇలాగే ఉంటే పక్షవాతం వస్తుందని భయపెట్టాను కూడా. "ఒగ పూట గూడా తప్పల్యా తల్లీ" అని ఆయన భార్య కళ్లు తుడుచుకుంది. ఆయన వెనకే ఎప్పుడూ ఒక బక్కపలచని మనిషి నిలబడి ఉండేవాడు. పేరు ముందుముద్దోడు. ఎదుటి పార్టీవాళ్లు విషం పెడతారేమోనని పెద్దప్ప తినే ప్రతిదీ ముందు అతను తినాలి. అరగంట గడిచాక అతను బాగుంటేనే ఆయన విస్తరి ముందు కూర్చునేవాడు. (వేడన్నం రుచి ఎరగడు పాపం.)

ఒక ఉదయం నేను వరండాలో పెద్దప్పకు బీపీ చూస్తుండగా ముందుముద్దోడు నిలువునా కూలిపోయాడు. "ఇసం! అప్పకు ఇసం బెట్నారు!" అని ఎవడో కేక పెట్టాడు. ఇంకొకడు గేటు మూశాడు. ఇంట్లో బయటి మనిషిని నేనొక్కదాన్నే. చూపులన్నీ నా మీదే. పెద్దప్ప మాత్రం నన్ను చూడలేదు. నేల మీద కూర్చుని అతని తల ఒళ్లో పెట్టుకుని, "రేయ్, కండ్లు తెరువు రా" అంటూ ఏడ్చాడు. ఆ మనిషికి ఏడుపు వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ముందుముద్దోడి బీపీ చూశాను. పాతాళంలో ఉంది. కాళ్లు ఎత్తి పట్టిస్తే కాసేపటికి కళ్లు తెరిచాడు.

"పొద్దున ఏం తిన్నావు?" అని అడిగాను.

"అప్ప తినేదే మ్మా. ఇడ్లీ, ఆ పైన మాత్రలో సగం."

"మాత్ర కూడానా?"

"అప్ప నోట్లోకి ఏది పోయినా ముందు నేను సూడాల గదా!"

అప్పుడు వెలిగింది. నేను పెంచిన మోతాదులో సగం ఇతనికే పోతోంది. నిన్నటి సగం ఒంట్లోంచి పోకముందే ఇవాళ్టి సగం వచ్చి కలుస్తోంది. వచ్చిన ముక్కల్లో చెప్పాను. మాత్ర నెత్తుట్లో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, ఆ నెత్తురు ఎవరిదని అడగదు, బీపీ ఉన్నవాడికి దించుతుంది, లేనివాణ్ణి పడేస్తుంది.

పెద్దప్ప ముక్కు చీదుకుని, "ఎదుటి పార్టోడు మింగినా అంతేనా?" అన్నాడు.

"అంతే."

"శానా న్యాయంగా ఉండాదే!" అని నా ముందు చెయ్యి చాచాడు. "ఇయ్యి మ్మా, నిండు మాత్ర." సంచిలోంచి పెంచకముందు మోతాదు మాత్ర తీసి ఇచ్చాను.

"వద్దప్పా, నేను సూడందే వద్దు" అని ముందుముద్దోడు లేవబోయాడు.

"పండుకో రా. నువ్వు పోతే నాకెవురుండారు?" అని పెద్దప్ప మాత్ర మింగేశాడు.

ముందుముద్దోడు గోడకానుకుని, ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. రెప్ప వేయలేదు. మందు రాసిన నేను కూడా మనసులో మొక్కుకున్నాను. చివరికి పెద్దప్ప "ఆకలైతాంది" అన్నాక గానీ గేటు తెరవలేదు.

ఇప్పుడు ఆ మాత్ర నాకూ వచ్చింది. పొద్దున్నే మింగుతుంటే మా ఆయన పేపరులోంచి తలెత్తకుండా "వేసుకున్నావా?" అంటాడు. వేసుకున్నానంటాను. ఆ తర్వాత కాసేపు ఎవరైనా నా ముఖంలోకి అలా చూస్తూ కూర్చుంటే బాగుండునని, నవ్వొస్తుంది గానీ, ఈ వయసులో అనిపిస్తూ ఉంటుంది.